ఉబైద్ బండిలో ముందుకు జరిపిన సీటు

మా గోడ అవతలి ఉబైద్ ఎవరిదో కొత్త బండిని నాశనం చేశాడని, విరిగిన చేత్తో పొగరుగా ఇసుకలో బండి తోలాడని, ఇక అతని బండి రోడ్డెక్కదని ఆ జనవరిలో ఒక వారమంతా మా ఎడారి ఊరు ధైద్‌లో చెప్పుకున్నారు. రొట్టెల కొట్టు దగ్గర చెప్పుకున్నారు, మసీదు బయట చెప్పులు వేసుకుంటూ చెప్పుకున్నారు, మా ఇంటికొచ్చి నేను కాచిన కహ్వా, అంటే మా అరబ్బు కాఫీ, తాగుతూ నా ముందే చెప్పుకున్నారు. అసలేం జరిగిందని అతన్ని ఒక్కరూ అడగలేదు. నేను అడిగాను. అందుకే నాకు తెలిసింది. తెలిసింది కాబట్టే నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది.

ఉబైద్ నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. నలభై ఒక్క ఏళ్ళు. మా వంటింటి గుమ్మంలోంచి రావాలంటే కాస్త పక్కకు తిరిగి రావాల్సినంత మనిషి. అతని భార్య అఫ్రా చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. అతని భుజం దాకా కూడా రాదు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే నీళ్ళ ట్యాంకు పక్కన బిందె పెట్టినట్టుంటుంది. ఈ మాట వాళ్ళ ముందే ఎన్నోసార్లు అన్నాను, వాళ్ళూ నవ్వారు.

ఉబైద్‌కి వారం అంతా ఆఫీసు, శుక్రవారం మాత్రం బండి. ఆ బండి అతని తండ్రి సైఫ్‌ది. ముప్పై ఏళ్ళ నాటి లాండ్ క్రూజర్, పాలు ఎక్కువ పోసిన టీ రంగు. సైఫ్ దాని వెనక ఒంటెలకు మేత, నీళ్ళు మోసేవాడు. మా వీధిలో అందరం దాన్ని ముసలిది అనే అంటాం. సైఫ్ పోయాక అన్నదమ్ములు తలా ఒకటి పంచుకున్నారు. ఒకరు తోట తీసుకున్నారు, ఒకరు ఒంటెలు తీసుకున్నారు. ఉబైద్ ఈ బండి చాలన్నాడు. తుక్కు కొట్టుకు వెయ్యాల్సిన దాన్ని వాటా కింద తీసుకున్నాడని అప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాదనను.

తర్వాత పదకొండేళ్ళు దాన్ని విప్పుతూనే ఉన్నాడు, బిగిస్తూనే ఉన్నాడు. మా మధ్య ఉన్నది నడుం ఎత్తు గోడ. సుత్తి చప్పుడు వినిపిస్తే నేను లోపల కూర్చోలేను. వెళ్ళి గోడ మీద చేతులాన్చి, అదేమిటి, ఇదెందుకు అని అడిగేదాన్ని. పాపం, విసుక్కోకుండా చెప్పేవాడు. స్ప్రింగులు పొడుగువి వేశాడు, ఇసుక దిబ్బ అంచు దాటేటప్పుడు బండి పొట్ట ఆనకుండా. కప్పు కింద ఇనుప గొట్టాలు బిగించాడు, బోల్తా పడితే లోపలి తలకాయలు దక్కేలా. వెడల్పు టైర్లు వేశాడు. గాలి పీల్చే గొట్టాన్ని కప్పు మీదికి తీసుకెళ్ళాడు, ఇంజనులోకి దుమ్ము పోకుండా. అన్నీ మార్చాడు గానీ డ్రైవరు వైపు తలుపు రబ్బరు మాత్రం మార్చలేదు. దాన్ని ఎప్పుడో సైఫ్ ఒంటె ఒకటి నమిలింది. ఆ పళ్ళ గాట్లలోంచి ఇసుక లోపలికి వస్తుంది. వస్తే రానీ అంటాడు.

ఇలా మార్చిన ప్రతిదీ తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళి చూపించి, ముద్ర వేయించుకుని, ఒక కార్డు తెచ్చుకున్నాడు. ఆ కార్డు ఉంటేనే ముసలిది రోడ్డెక్కాలి. కార్డు పోతే స్ప్రింగులు, టైర్లు, గొట్టాలు అన్నీ పీకి పారెయ్యాల్సిందే. అంటే ఆ పదకొండేళ్ళూ విప్పి మూలన పెట్టడమే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, గొడవంతా దీని మీదే వచ్చింది.

ఇక ఆ చెయ్యి విరిగిన సంగతి. రెండేళ్ళ కిందట డాక్టరు ఉబైద్ రక్తం చూసి చక్కెర వచ్చిందన్నాడు, ఒళ్ళు తగ్గించమన్నాడు. పార్కులో చుట్టూ నడవమంటే, ఆడవాళ్ళ వెనకాల కబుర్లు వింటూ నేను నడవలేనన్నాడు. ఆ కబుర్లు చెప్పేవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి అతన్ని తప్పుపట్టలేదు. సైన్యంలో బాక్సింగ్ నేర్పి రిటైరైన ఒకాయన దగ్గర మూడు నెలలు నేర్చుకుని వచ్చి, షెడ్డులో ఇంజన్లు పైకెత్తే గొలుసుకే ఒక తోలు సంచి వేలాడదీశాడు. తెల్లవారి నమాజు అయ్యాక మొదలెట్టేవాడు. ధబ్, ధబ్, ధబ్. మా గాజు కప్పులు అలమారలో గంతులేసేవి. గోడ దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, చెమటలో తడిసి, చేతులకు గుడ్డ చుట్టుకుని, ఆ కొండంత మనిషి కాళ్ళ వేళ్ళ మీద పిల్లిలా తిరుగుతున్నాడు. అంత బరువు మనిషి అంత తేలిగ్గా అడుగు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఏడాదిలో ఇరవై కిలోలు దిగాడు.

అయితే ఆ సంచిలో ఏం నింపాడో తెలుసా? ఇసుక. మా ఊళ్ళో ఎవరికి ఏ బరువు కావాలన్నా గుమ్మం బయట పార పెట్టడమే కదా. మొదట బాగానే ఉంది. ఆ డిసెంబరులో వారం రోజులు పొగమంచు పట్టింది. ఇసుక చెమ్మ పీల్చి, అడుక్కి దిగి, రాయి అయి కూర్చుంది. ఒక పొద్దున ఉబైద్ కుడి చేత్తో అడుగున ఒక్కటి ఇచ్చాడు. ధబ్ మనలేదు, టక్ మంది. మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

"ఎడారిలో పుట్టి పెరిగావు, ఇసుక సంగతి నీకు తెలీదట్రా?" అన్నాను.

"బండి కిందది తెలుసు పెద్దమ్మా, సంచిలోది తెలీలేదు," అన్నాడు.

సంచి ఖాళీ చేయించి, దాన్లో నింపడానికి మా ఇంట్లోంచి రెండు మూటల పాత బట్టలు ఇచ్చాను. మా ఆయన పొడుగు అంగీలే అందులో ఎక్కువ. ఆయన పోయి ఆరేళ్ళయినా తీసి ఎవరికీ ఇవ్వలేకపోయాను. బతికుండగా ఆయన్ని ఒక్కడు కూడా కొట్టలేకపోయాడు, ఇప్పుడు నువ్వు కొట్టుకో అని ఉబైద్‌తో అన్నాను. అతను ఒక్కొక్క అంగీని తీసి జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. అప్పట్నుంచి ఎడం చేత్తో మాత్రమే మెల్లగా సాధన చేసేవాడు.

ఇసుకలో బళ్ళు తోలేవాళ్ళకు కొన్ని పద్ధతులున్నాయి. ఎక్కడా రాసి ఉండవు. దిబ్బల్లోకి దిగే ముందు టైర్లలో గాలి తీసెయ్యాలి. ఎవరైనా ఇరుక్కుని కనిపిస్తే ఎంత పనున్నా ఆగి లాగాలి, దానికి ఏమీ పుచ్చుకోకూడదు. తాడుకు ఈ కొస లాగేవాడు తన బండికి కట్టుకుంటాడు, ఆ కొస ఇరుక్కున్నవాడు తన చేత్తో తన బండికి కట్టుకోవాలి. ఎదుటివాడి బండి మీద మనం చెయ్యి వెయ్యకూడదు. బయటికి వచ్చాక అందరూ ఇసుక మీద కూర్చుని కహ్వా తాగాలి, ఇరుక్కున్నవాడే పొయ్యాలి. అన్నిటికంటే పెద్దది, లాగినవాడు ఎవర్ని లాగాడో ఊళ్ళో చెప్పకూడదు. సైఫ్ తన కాలంలో ఎంతమందిని లాగాడో దేవుడికే తెలియాలి. నేను అతన్ని ఎన్ని రకాలుగా గుచ్చి గుచ్చి అడిగినా ఒక్క పేరు చెప్పలేదు. చివరికి నాకే విసుగొచ్చి మానేశాను. నేను మానేశానంటే మా వీధిలోవాళ్ళు నమ్మరు.

ఆ కహ్వా కోసం ప్రతి శుక్రవారం నా పెద్ద ఫ్లాస్కు వాళ్ళ బండిలో వెళుతుంది. యాలకులు, కొంచెం కుంకుమపువ్వు వేసి నేనే కాచి ఇస్తాను. జనవరి రెండో శుక్రవారం కూడా ఇచ్చాను. చెయ్యి కట్టులో ఉండగా ఏం వెళతావురా అంటే, ఊరికే గాలి కోసం అన్నాడు. భార్యాభర్తలిద్దరే వెళ్ళారు.

మర్నాడు పొద్దున ఫ్లాస్కు తెచ్చుకుందామని షెడ్డులోకి వెళ్ళాను. అడిగి తీసుకోవచ్చు. కానీ బండిలో ఏముందో చూడకుండా ఎలా ఉంటాను? డ్రైవరు వైపు తలుపు తీశాను. సీటు స్టీరింగుకు అంటుకుపోయేంత ముందుకు జరిపి ఉంది, మధ్యలో పిల్లి కూడా దూరదు. సీటు మీద అఫ్రా ముందుగదిలోని పువ్వుల కుట్టు దిండు. ఫ్లాస్కు తీస్తే నిండుగా ఉంది, చల్లారిపోయింది. ఒక్క చుక్క కూడా ఎవరూ తాగలేదు. నా కహ్వా తాగకుండా తిప్పి పంపడం ఇంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. అప్పుడే నా మనసు చివుక్కుమంది.

సోమవారం పోలీసు స్టేషన్ నుంచి కబురు వచ్చింది. సముద్రం వైపు పెద్ద నగరంలో ఉండే ఘానిమ్ అనే కుర్రాడు ఫిర్యాదు పెట్టాడు. తండ్రి పెద్ద వ్యాపారి. ఘానిమ్ కొత్త బండి మలైహా దగ్గర ఇసుకలో దిగబడితే, ఉబైద్ తాడు తానే ఇష్టం వచ్చిన చోట కట్టి, కట్టు వేసిన చేత్తో బండి నడిపి, ఒక్క గుంజు గుంజి వెనక బంపరూ దీపాలూ పెరికేశాడట. ఇలాంటి మొరటు మనిషికి అంత ఎత్తు బండి ఉండకూడదట. గురువారం స్టేషన్‌కి రావాలి. తప్పు రుజువైతే కార్డు రద్దు. తేలేదాకా బండి స్టేషన్ ఆవరణలో ఉండాలి.

మంగళవారం ముసలిదాన్ని తీసుకుపోవడానికి వెడల్పాటి లారీ వచ్చింది. ఊళ్ళో సగం బళ్ళను ఇసుకలోంచి లాగిన బండిని ఇంకో బండి వీపు మీద ఎక్కించారు. ఉబైద్ ఒంటి చేత్తో దాని చక్రాలకు పట్టీలు తానే సరిచూశాడు. దారిలో జారుతుందేమోనని పట్టీ పట్టుకుని రెండుసార్లు ఊపి చూశాడు. వీధిలో అందరూ తలుపుల దగ్గర నిలబడి చూశారు. అతను లాగిన మగవాళ్ళు అందులో ఎంతమంది ఉన్నారో! ఒక్కడు అడుగు ముందుకు వెయ్యలేదు. పైగా ఒకాయన, చెయ్యి విరిగాక ఇంట్లో కూర్చోవచ్చుగా అని నాకే చెప్పాడు. ఆయన బండిని కిందటేడు రెండుసార్లు ఇసుకలోంచి తెచ్చింది ఎవరో నాకు తెలుసు. ఉబైద్ చెప్పలేదు, ఆయన టైర్లకూ ముసలిదాని టైర్లకూ ఒకేలా అంటిన ఎర్ర ఇసుక చెప్పింది.

సాయంత్రం అఫ్రాను పట్టుకున్నాను. పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటోంది. ఏం లేదు పెద్దమ్మా అంది. నేను సీటు సంగతి చెప్పాను, దిండు సంగతి చెప్పాను. ఇంకా ఏం లేదంది. ఫ్లాస్కు నిండుగా వచ్చిన సంగతి చెప్పేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖంతో కాదు, మండిపోయి.

అప్పుడు చెప్పింది. బండి నడిపింది ఆమే. రెండేళ్ళుగా ఉబైద్ ఆమెకు దిబ్బల మీద నడపడం నేర్పుతున్నాడట. ఇంత దగ్గర గోడ ఉండి నాకే తెలియలేదు, అదింకో బాధ. ఆ శుక్రవారం ఒక గుంట అడుగున ఘానిమ్ బండి కనిపించింది. మా వంటిల్లంత ఉందట. టైర్లలో గాలి నిండుగా ఉంది. యాక్సిలరేటరు తొక్కీ తొక్కీ పొట్ట దాకా పాతేశాడు. వెంట ఇద్దరు స్నేహితులు, చేతుల్లో ఫోన్లు, సాహసం వీడియో తీస్తున్నారట. అఫ్రా దిగి పలకరిస్తే ఘానిమ్ ఆమె తల మీదుగా ఉబైద్ వైపు చూశాడట. ఉబైద్ తన కట్టు చూపించి, ఈవిడ లాగుతుందని చెప్పాడు.

ఒంటి చేత్తోనే ఉబైద్ చక్రాల చుట్టూ ఇసుక తోడాడు, వాళ్ళ చేతే టైర్ల గాలి తీయించాడు. వచ్చిన దారినే వెనక్కి లాగాలి కదా, అందుకని ఆ బండి వెనక వైపుకు తాడు విసిరాడు. కొత్త బళ్ళకు తాడు కట్టే ఇనుప రింగు విడిగా ఉంటుందట, పనిముట్ల పెట్టెలో. దాన్ని తెచ్చి బంపరు వెనక రంధ్రంలో బిగించుకోవాలి. అది తీసి బిగించు అని చెప్పాడు. నా బండి గురించి నాకు చెప్పకు అన్నాడు ఘానిమ్. వంగి, బంపరు కింద అందంగా మెరుస్తున్న కడ్డీకి తాడు తానే ముడి వేశాడు. అది అలంకారానికి పెట్టింది, లాగడానికి కాదు. ఉబైద్ మళ్ళీ చెప్పాడు. వినలేదు. ఎదుటివాడి బండి మీద చెయ్యి వెయ్యకూడదు కాబట్టి ఉబైద్ ఆ ముడి విప్పలేదు.

ఇక్కడే నాకు ఉబైద్ మీద కూడా కోపం. ఆ పద్ధతిని అక్కడే పక్కన పెట్టి, ఆ ముడి విప్పి, రింగు వాడి చేతిలో పెట్టి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. లేదా రింగు బిగిస్తేగాని లాగను అనొచ్చు. ఇరుక్కున్నవాడిని వదిలి వెళ్ళలేడు, వాడి బండిని ముట్టుకోలేడు. ఆ రెండింటి మధ్యా నలిగి, సరే కానీ అన్నాడు.

అఫ్రా మూడుసార్లు చెయ్యి ఊపి అడిగిందట, సరిగ్గా కట్టావా అని. మూడుసార్లూ ఘానిమ్ తల ఊపాడు. గుంజలేదు, మెల్లగా లాగింది. బండి గుంట ఎక్కింది, గట్టి నేల మీదికి వచ్చింది. సరిగ్గా చివరన బంపరు ఊడి తాడుతో పాటు వచ్చేసింది. స్నేహితుల్లో ఒకడు పకపక నవ్వాడట, ఆడమనిషి నీ బంపరు పట్టుకుపోతోందిరా అని. ఆ నవ్వే కొంప ముంచింది. ఘానిమ్ మాట్లాడకుండా బంపరు వెనక సీట్లో పడేసి, టైర్లలో గాలి కూడా నింపుకోకుండా వెళ్ళిపోయాడు. అఫ్రా ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఇదంతా పోలీసులకు చెప్పచ్చుగా, అమ్మాయ్?"

"ఆయన వద్దన్నారు పెద్దమ్మా. లాగిన బండి గురించి నోరెత్తకూడదంట."

నేను నేరుగా షెడ్డుకు వెళ్ళాను. ముసలిది నిలబడే చోట నూనె మరకలు తప్ప ఏమీ లేవు. ఉబైద్ ఆ ఖాళీలో సంచి ముందు నిలబడి ఎడం చేత్తో కొడుతున్నాడు.

"బండి తోలింది నువ్వు కాదు," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నా ఫ్లాస్కు చెప్పింది."

అతను సంచిని పట్టుకుని ఆపాడు. "పెద్దమ్మా, మా నాన్న ఇంతమందిని లాగాడు. ఒక్క పేరు బయటపెట్టాడా?"

"మీ నాన్న లాగినవాళ్ళు మీ నాన్న మీద కేసు పెట్టలేదు నాయనా."

"వాడు పెట్టాడని నేను మారిపోవాలా? ఆడమనిషి లాగిందని పదిమందిలో చెబితే, ఆ కుర్రాడు వాళ్ళ నాన్న ముందు తలెత్తుకుంటాడా?"

"వాడి తల సంగతి నీకెందుకురా? ఎల్లుండి నీ బండిని ముక్కలు చెయ్యమంటారు. అప్పుడు వాడొచ్చి పట్టుకుంటాడా?"

ఉబైద్ సంచి వైపు తిరిగాడు. మా ఆయన అంగీలు నింపిన ఆ సంచిని మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క దెబ్బ ఎంత గట్టిగా పడిందంటే పైన గొలుసు ఊగిపోయింది. ఆ కోపమంతా లోపల పెట్టుకుని వాడి పరువు కాపాడుతున్నాడు! మర్యాద ఒక చేతికే కట్టు వేసినట్టు ఒకడి మీదే ఎందుకుండాలి? ఇరుక్కున్నవాడు తన వంతు పద్ధతులన్నీ తుంగలో తొక్కాడు. ముడి మీద అబద్ధమాడాడు, కహ్వా పొయ్యలేదు, సాయం చేసినవాడి మీదే ఫిర్యాదు రాశాడు. లాగినవాడు మాత్రం నోరు కుట్టుకోవాలా? ఆ రాత్రి కంటి మీద కునుకు రాలేదు నాకు.

గురువారం పొద్దున ఉబైద్ టాక్సీ పిలిస్తే నేనూ ఎక్కి కూర్చున్నాను. దిగమన్నాడు. మోకాళ్ళు నొప్పి, దిగలేను అన్నాను. దారంతా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

స్టేషన్‌లో మా కేసు చూస్తున్నది ఖమీస్. చిన్నప్పుడు మా వీధిలోనే ఉండేవాడు, మా రేగు చెట్టు మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు మీసాలూ బూట్లూ పెట్టుకుని గంభీరంగా ఉన్నాడు. ఘానిమ్ అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఇస్త్రీ మడత నలగని అంగీ, గదంతా అత్తరు. ఉబైద్‌కి సలాం చెప్పడానికి కూడా లేవలేదు.

ఖమీస్ ఫిర్యాదు చదివాడు. నువ్వేం చెబుతావు అని ఉబైద్‌ను అడిగాడు. ఉబైద్ రెండు ముక్కలు చెప్పాడు. ముడి నేను వెయ్యలేదు. మిగతాది నేను చెప్పను.

"చెప్పకపోతే ఆయన మాటే రాసుకోవాలి ఉబైద్," అన్నాడు ఖమీస్. "నీ కార్డు పోతుంది. తెలుసు కదా?"

"తెలుసు."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఖమీస్ నా వైపు భయంగా చూశాడు. కేసులో మీరు లేరు అమ్మా అన్నాడు. లేకపోతేనేం, ఒక్క సంగతి అడుగుతాను అన్నాను. ఘానిమ్ వైపు తిరిగి, ఉబైద్ ఒంటి చేత్తో ముడి ఎలా వేశాడో నాకు కాస్త చూపించు బాబూ, నేర్చుకుంటాను అన్నాను. నా చున్నీ కొస అతని ముందు పెట్టాను. కుడి చెయ్యి కదపకుండా వెయ్యి మరి.

ఘానిమ్ ముఖం ఎర్రబడింది. "ఈ ముసలావిడ ఎవరు? ఇక్కడెందుకుంది?"

"మాది పక్కిల్లు," అన్నాను. "నువ్వు తాగని కహ్వా నాదే."

అంతలో తలుపు తెరుచుకుంది. అఫ్రా. బడి నుంచి నేరుగా వచ్చింది, చేతికి ఇంకా సుద్ద అంటుకునే ఉంది. ఒట్టు వేసి చెబుతున్నాను, ఆమెను నేను పిలవలేదు. మంగళవారం నుంచి నేనేదో నూరిపోశానని ఉబైద్ ఇప్పటికీ అనుకుంటాడు.

ఉబైద్ లేచి నిలబడ్డాడు. "నువ్వు ఇంటికి వెళ్ళు," అన్నాడు మెల్లగా.

"వెళతాను. చెప్పి వెళతాను." ఖమీస్ బల్ల ముందు నిలబడింది. "బండి నడిపింది నేను. లాగింది నేను. నోరెత్తననే మాట ఆయనది, మామగారిది. నేనెవరికీ మాటివ్వలేదు."

ఖమీస్ కలం తీశాడు. ఘానిమ్‌ను నిదానంగా అడిగాడు, బండి నడిపింది ఈవిడేనా అని. ఘానిమ్ గోడ వైపు చూశాడు. కాదన్నాడు. మొగవాళ్ళే ఉన్నారన్నాడు. ఉబైద్ కళ్ళు మూసుకున్నాడు. తన పరువు కాపాడుతున్న మనిషి ముందే, అతని భార్యను అబద్ధాలకోరుని చేశాడు ఆ కుర్రాడు. నాకు చెయ్యి చాచి చెంప మీద ఒక్కటి ఇవ్వాలనిపించింది. పెద్దదాన్ని కాబట్టి ఊరుకున్నాను.

ఊరుకున్నానంటే చేతితో. నోటితో కాదు.

"నీ స్నేహితులు ఫోన్లో తీశారుగా బాబూ," అన్నాను. "ఆ ఫోన్లు తెప్పించు. ముడి ఎవరు వేశారో, సీట్లో ఎవరున్నారో, ఎవరు నవ్వారో అంతా ఉంటుంది. మా ఖమీస్ చూస్తాడు, వాళ్ళ పైవాళ్ళు చూస్తారు."

ఖమీస్ తల ఊపాడు. వీడియో ఉంటే తెప్పించాల్సిందేనన్నాడు. చూసింది చూసినట్టు ఫైల్లో రాస్తామని, ఒక నకలు ఫిర్యాదుదారు ఇంటికి కూడా వస్తుందని చెప్పాడు. ఇంటికి అన్న మాట దగ్గర ఘానిమ్ ఉలిక్కిపడ్డాడు. తండ్రికి అతను చెప్పిన కథలో ఒక మొరటు గుమాస్తా ఉన్నాడు గానీ, భుజాల దాకా రాని పంతులమ్మ లేదు.

కాసేపు తన ఉంగరం తిప్పుకున్నాడు. తర్వాత ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. కారణం ఏం రాయమంటారని ఖమీస్ అడిగితే, సొంత కారణాల వల్ల అని రాయమన్నాడు. సంతకం పెట్టాడు. మా ముగ్గురిలో ఒక్కరి ముఖం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. తప్పయిందన్న మాట లేదు, అత్తరు వాసన ఒక్కటే మిగిలింది.

నేను ఖమీస్‌తో పోట్లాడాను. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ఫిర్యాదే లేనప్పుడు నేనేం రాయను అమ్మా అన్నాడు. నిజమే, అతని తప్పేముంది? కానీ ఆ కాగితం ఇప్పటికీ అక్కడుంది. చదివినవాళ్ళకు, పెద్దింటి కుర్రాడు పెద్ద మనసుతో ఒక గుమాస్తాను వదిలేశాడనే అనిపిస్తుంది. ఆ సొంత కారణం పేరు అఫ్రా అని అందులో ఎక్కడా లేదు.

ముసలిదాన్ని అదే రోజు ఇచ్చేశారు. కార్డు దక్కింది. అఫ్రా డ్రైవరు సీట్లో దిండు సర్దుకుని కూర్చుంది, ఉబైద్ పక్క సీట్లో, నేను వెనకాల ఇనుప గొట్టం పట్టుకుని. మా వీధిలోకి తిరిగేటప్పుడు ఎవరికీ వినపడదేమోనని నేనే చెయ్యి చాపి హారను మోగించాను. తలుపుల దగ్గరికి వచ్చినవాళ్ళంతా డ్రైవరు సీట్లో ఎవరున్నారో చూశారు. ఆ సాయంత్రమే నలుగురు మా ఇంటికొచ్చి, మేం ముందే అనుకున్నాం ఉబైద్ అలాంటివాడు కాదని అన్నారు. వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాను. కహ్వా పెట్టలేదు.

ఉబైద్ మాత్రం నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. గోడ దగ్గర నిలబడి ఎన్ని అడిగినా, పని ఉంది పెద్దమ్మా అనేవాడు. ఆ కుర్రాడిని పదిమందిలో నిలబెట్టామని అతని బాధ. అతని బాధ అతనిది. నా కోపం నాది. నేను చేసిన దానిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

పదో రోజు పొద్దున ధబ్ ధబ్ వినిపించింది, రెండు చేతుల చప్పుడు. కట్టు విప్పారన్నమాట. కాసేపటికి చప్పుడు ఆగింది, గోడ అవతల అతను కనిపించాడు.

"పెద్దమ్మా, సంచి అడుగున గుడ్డ అణిగిపోయింది. పాత బట్టలు ఇంకేమైనా ఉన్నాయా?"

మా ఆయనవి అయిపోయాయిరా అన్నాను. లోపలికి వెళ్ళి నా పెట్టెలోంచి నావే ఒక మూట తెచ్చి గోడ మీద పెట్టాను. నన్ను కొట్టాలని ఈ తొమ్మిది రోజులూ అనుకునే ఉంటావు, ఇక కొట్టుకో అన్నాను. అతను నవ్వు ఆపుకుందామని చూశాడు, ఆగలేదు.

ఆపై శుక్రవారం వచ్చింది. ఫ్లాస్కు నింపి ఇచ్చాను. సాయంత్రం తెచ్చుకోవడానికి వెళితే తేలిగ్గా తగిలింది, ఊపితే చుక్క చప్పుడు లేదు. ఎవరో ఇరుక్కున్నారు, ఎవరో కూర్చుని నా కహ్వా తాగారు. ఎవరని ఉబైద్‌ను అడిగాను. చెప్పలేదు. అఫ్రాను అడిగాను. ఆమె కూడా చెప్పలేదు.